నిద్ర పరీక్ష: భయము వలదు, దాపరికము వలదు

(బాన్సువాడ ప్రాంత గ్రామస్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



బాన్సువాడ ప్రాంతము నిజాంసాగరు నీటితో పచ్చబడిన నేల. మంజీరపై ఆ ఆనకట్ట 1931లో పూర్తియైన నాటినుండి ఇచ్చటి వరి రైతులకు రాత్రి మెలకువ అలవాటే. కాలువ నీటి వంతు రాత్రి వచ్చినచో రాత్రియే మడికి పోవలెను. కోతల రోజులలో ట్రాక్టరు తోలువారికి, ధాన్యపు లారీలు నడపువారికి రాత్రింబగళ్ళ భేదముండదు. ఇట్టివారు పగటిపూట కునుకు తీసినచో అలసట యని సరిపెట్టుకొందుము. పెద్దగా గురక పెట్టినచో గాఢనిద్ర యని నవ్వుకొందుము. కాని కొందరి విషయములో అది అలసటయు కాదు, గాఢనిద్రయు కాదు, వ్యాధి. ఆ వ్యాధిని గుర్తించు పరీక్ష ఎట్లుండునో ఈనాడు మీకు విన్నవింపదలచితిమి.

నిద్రలో గొంతు కండరములు సడలి కొందరికి శ్వాసమార్గము మూసికొనును. 10 సెకనులో, అంతకు మించియో ఊపిరి ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. అప్పుడు మెదడు ఉలికిపడి, నిద్రను చెరచి, ఊపిరిని మరల సాగించును. రాత్రియంతయు ఇట్లు జరుగుచున్నను నిద్రించువానికి తెలియదు. తెల్లవారిన తరువాత తలనొప్పి, పగటి మత్తు, మతిమరపు మాత్రమే తెలియును. దీనిని ఉపేక్షించినచో రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతము వచ్చు ప్రమాదము హెచ్చును. బండి నడపువాడు ఒక్క క్షణము రెప్పవాల్చినచో అతని ప్రాణమే గాక ఎదుటివారి ప్రాణము కూడ పోవచ్చును. ఇదిగాక నిద్రపట్టకపోవుట, రాత్రివేళ కాళ్ళు కదపక ఉండలేని బాధ, పగలు ఆపుకొనరాని నిద్ర మున్నగు వ్యాధులును కలవు.

మొదట మన ఊరి సమీపమున నున్న ప్రభుత్వాసుపత్రి వైద్యుని కలిసికొనవలెను. పోవునపుడు రెండు వారముల లెక్క వ్రాసి తీసికొని పోవుట మంచిది. ఎన్ని గంటలకు పండుకొంటిమి, ఎన్నిమార్లు లేచితిమి, పగలు ఎంతసేపు కునికితిమి, చాయ ఎప్పుడు త్రాగితిమి అనునవి అందులో ఉండవలెను. నిద్రించువాడు తన నిద్రకు తాను సాక్షి కాలేడు. కావున ఆ గదిలో పండుకొను భార్యయో, భర్తయో, తల్లియో వెంట రావలెను. ఊపిరి ఆగి, మరల గుర్రుమని లేచుటను సెల్‌ఫోనులో చిత్రించి చూపినచో వైద్యునికి ఎంతో ఉపకారము. గురక సంగతి చెప్పుటకు స్త్రీలు సిగ్గుపడుదురు. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఈ వ్యాధి హెచ్చును గనుక ఆ సిగ్గు విడువవలెను.

వైద్యుడు బరువు, మెడ చుట్టుకొలత, రక్తపుపోటు చూచును. ముక్కు, గొంతు పరీక్షించును. అవసరమైనచో థైరాయిడు, ఇనుప ధాతువు తెలిసికొనుటకు రక్తపరీక్ష చేయించును. కూర్చుండి చదువునపుడు, బస్సులో పోవునపుడు, భోజనము చేసి కూర్చున్నపుడు కునుకు వచ్చునాయని అడుగును. ఇట్టివి ఎనిమిది ప్రశ్నలు. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో వీనిని ప్రకటించెను. మొత్తము 24 మార్కులలో 10కి మించినచో పగటి మత్తు మితిమీరినదని భావింతురు.

ఇచ్చట ఒక్క మాట గట్టిగా చెప్పవలసి యున్నది. 2025 ఏప్రిల్ నెలలో మన బాన్సువాడ చుట్టుపట్ల గ్రామములలో కల్తీ కల్లు త్రాగి పలువురు ఆసుపత్రి పాలైరి. కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుట తెలంగాణములో పాత దురాచారము. అవి నిద్రమాత్రలలో నుండు మందులే. నిద్రలో ఊపిరి ఆగువారికి ఇట్టి మందులు, మద్యము మరింత హాని చేయును. వానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో నిద్ర బొత్తిగా పట్టదు. వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. కావున మీరు త్రాగు కల్లు, వాడు మాత్రలు, నడపు వాహనము వైద్యునికి దాచక చెప్పవలెను. డ్రైవింగు పోవునను భయముతో కునుకును దాచుట ప్రాణమునకే ముప్పు. వైద్యుడు మిమ్ము నిందించుటకు గాక, సరియైన చికిత్స ఎన్నుకొనుటకే అడుగును. కల్లు మానదలచినవారును ఆయన సలహాతోనే మెల్లగా మానవలెను.

అందరికిని రాత్రి పరీక్ష అవసరములేదు. కేవలము నిద్రపట్టని వారికి సాధారణముగా మాటలతోను, అలవాట్ల దిద్దుబాటుతోను చేయు చికిత్సయే మొదటిది. ఊపిరి ఆగుచున్నదను అనుమానము బలముగా నున్న కొందరికి చిన్న యంత్రమునిచ్చి ఇంటికే పంపుదురు. మిగిలినవారు హైదరాబాదు వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో ఒక రాత్రి గడపవలసి యుండును. ప్రయాణమునకు ముందే తేదీ, ఖర్చు, తోడు ఉండు వీలు కనుగొనుడు.

ఆ దినమున తలంటి పోసికొని, నూనె రాయక పోవలెను. జిడ్డున్నచో తీగలు అంటవు. గోళ్ళరంగు తీసివేయవలెను. మధ్యాహ్నము తరువాత చాయ, కాఫీ వలదు. పగటి నిద్ర వలదు. బి.పి., చక్కెర మందులు వైద్యుడు చెప్పిననే గాని మానరాదు. మన లుంగీ, మన చీర కట్టుకొనియే పండుకొనవచ్చును.

తలపై, కన్నుల ప్రక్కన, గడ్డమున, రొమ్మున, కాళ్ళపై సన్నని తీగలు అంటింతురు. రొమ్మునకు, పొట్టకు పట్టీలు చుట్టుదురు. ముక్కు వద్ద చిన్న గొట్టము, వ్రేలికి ఒక బిళ్ళ అమర్తురు. సూది లేదు, కోత లేదు. తీగలలో కరెంటు ఒంటికి ఎక్కునని కొందరు జంకుదురు. అది వట్టి భ్రమ. యంత్రము మన దేహమునుండి సంకేతములను గ్రహించునే గాని మనకు ఏమియు పంపదు. ప్రక్కగదిలో నిపుణుడు కాపలా యుండును. మూత్రమునకు పోవలెనన్న పిలిచినచో వచ్చి తీగలు విప్పును. స్త్రీలు స్త్రీ సిబ్బందిని ముందుగా కోరవచ్చును. క్రొత్తచోట నిద్ర తక్కువైనను చింతింప నక్కరలేదు. కొద్దిగంటల నిద్రయే సాధారణముగా చాలును. పగటి నిద్ర కారణము తెలియనివారికి మరునాడు రెండు గంటల కొకమారు చొప్పున నాలుగైదు కునుకుల పరీక్ష ఉండవచ్చును.

ఫలితము తెల్లవారగనే రాదు. రాత్రి నమోదును 30 సెకనుల ముక్కలుగా చూచి లెక్కింతురు. గంటకు 5 మార్లకు లోపుగా ఊపిరి ఆగుటయో, తగ్గుటయో జరిగినచో పెద్దలలో సాధారణము. 5 నుండి 15 వరకు స్వల్పము. 15 నుండి 30 వరకు మధ్యమము. 30 దాటినచో తీవ్రము. 30 అనగా రెండు నిమిషముల కొకమారు దేహము ఊపిరికై పెనుగులాడుచున్నదని అర్థము.

దీనికి చికిత్స కలదు. బరువు తగ్గించుట, ప్రక్కకు తిరిగి పండుకొనుట, మద్యము మానుట కొందరికి మేలుచేయును. తీవ్రముగా నున్నవారికి ముక్కుపై తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో శ్వాసమార్గమును తెరచి యుంచు సీపాప్ యంత్రము నిత్తురు. ఆస్ట్రేలియాకు చెందిన కాలిన్ సల్లివన్ దీనిని 1981లో ప్రకటించెను. తొలి రాత్రులలో ఇబ్బందిగా తోచినను, తొడుగు సరిచేయించుకొని ఓపికతో వాడినవారు పగటి చురుకుదనమును తిరిగి పొందుదురు.

చికిత్స కుదురువరకు మత్తుగా నున్నపుడు స్టీరింగు పట్టకుడు. ఇంట గురక వినువారు నవ్వి ఊరకుండక, ఊపిరి ఆగుచున్నదేమో గమనింపుడు. ఒక్క రాత్రి పరీక్షకు వెనుదీయక పోయినచో ఒక సంసారమునకు ఆధారము నిలుచును.