అద్దెకిచ్చుటకు ఇల్లు కొనబోవు రైతుకు
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వరి గురించియో, మిరప గురించియో చెప్పవలసిన నేను ఇంటి అద్దెల గురించి మాట్లాడుటకు కారణమున్నది. పొలము చూడబోయినప్పుడు, తెగుళ్ళ సంగతి ముగియగానే గట్టు మీద నన్ను పలువురు అడుగుచున్న ప్రశ్న యిది: "ఎకరము అమ్మి, టౌనులో ఇల్లు కొని అద్దెకిస్తే మేలేనా, సార్?"

పైరుకు వేసినట్లే దీనికిని లెక్క వేయవలెను. ఉదాహరణకు, ఇంటి వెల 40 లక్షలు. స్టాంపులు, రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు 3 లక్షలు. మొత్తము పెట్టుబడి 43 లక్షలు. అద్దె నెలకు 12,000 అయిన, ఏడాదికి 1,44,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోవుట మామూలే. ఆ 12,000, ఇంటిపన్ను, రంగులు, మోటారు మరమ్మతుల క్రింద 20,000 తీసివేయగా మిగులునది 1,12,000. అనగా నూటికి రెండు రూపాయల అరువది పైసలు! అప్పు తెచ్చి కొన్నచో బ్యాంకు వడ్డీ దీనికి రెట్టింపు పైమాటే. ఇంటి ధర పెరుగును గదా అందురు. పెరుగవచ్చును, మీరు అమ్మిన ఎకరము ధర కూడ పెరుగవచ్చును గదా! కట్టడము మాత్రము ఏటేట పాతబడును. అందుచేత పొలము అమ్మి కొనవద్దని నా అభిప్రాయము. పంటలో మిగిలిన సొమ్ముతో కొనువారికే తక్కిన మాటలు చెప్పుచున్నాను.

ఋణభార పత్రము, అనగా మనము ఈసీ అనునది, శుభ్రముగా నున్నదని సంతోషపడవద్దు. రిజిస్టరు కాని ఒప్పందములు, నోటిమాట పంపకములు అందులో కనిపించవు. మా నాన్నగారు ఇట్లే మోసపోయినారు. ఈసీ చూచుకొని ఇల్లు కొన్నారు. రెండేండ్లకు అమ్మినవారి చెల్లెలు తన వాటా యడిగినది. ఆమె అడుగుటలో తప్పు లేదు. కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశములో 1986 నాటి చట్టమును, దేశమంతటను 2005 సవరణయును కల్పించినవి. చివరకు ఆమెకు మరల సొమ్మిచ్చి రాజీపడవలసి వచ్చినది. అందుకు అర యెకరము పోయినది. కనుక అది వారసత్వపు ఆస్తి యైనచో అక్కచెల్లెండ్రందరి సంతకములు దస్తావేజుపై నుండవలెను. 30 ఏండ్ల లింకు దస్తావేజులు న్యాయవాదికి చూపవలెను. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింద నిషేధించిన ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు లేదని సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో తెలిసికొనవలెను.

ఇల్లు చూచుటకు మే నెలలో వెళ్ళండి. బోరులో నీరున్నదో లేదో తెలియును. గట్టి వాన కురిసిన మరునాడు మరల వెళ్ళండి. వీధి, మురుగుకాలువ, పైకప్పు వాటి సంగతి అవే చెప్పును. మీరు నెలకొకసారి పోయి రాగల దూరములోనే కొనుట మంచిది.

అద్దెకిచ్చునప్పుడు బంధువైనను పత్రము వ్రాసికొనవలెను. 1908 చట్టమునకు ఆంధ్రప్రదేశములో చేసిన సవరణ ప్రకారము గడువు ఏడాదికి తక్కువైనను దానిని రిజిస్టరు చేయించవలెను. 11 నెలలకు వ్రాయుట వాడుక. చేరిన రోజున కరెంటు మీటరు అంకె అందులో వేయండి. కనెక్షను మీ పేర నుండును గనుక బకాయి మీ మీదకే వచ్చును. అడ్వాన్సు సొమ్మును ఎరువులకు వాడుకొనవద్దు. అది మీ డబ్బు కాదు. వారు ఖాళీ చేసిన నాడు తిరిగి ఇవ్వవలసినది.

ఒక్క మాట మరచితిని. వ్యవసాయాదాయమునకు కేంద్ర ఆదాయపు పన్ను మినహాయింపు అద్దెకు వర్తించదు. మీరు కట్టిన ఇంటిపన్ను పోను, మిగిలిన అద్దెలో 30 శాతము మినహాయించి, తక్కినది ఆదాయముగా చూపవలెను. రసీదులన్నియు ఒక సంచిలో వేసి, పట్టాదారు పాసుపుస్తకముతోపాటు దాచండి.