తపాలాబిళ్ల చెప్పు సాక్ష్యము



తపాలాబిళ్లలను కూర్చుట బాలుర వినోదమని పెద్దలు నవ్వుదురు. మేమును ఒకప్పు డట్లే తలంచితిమి. కాని లిథువేనియా దేశపు తొలి బిళ్లల చరిత్రమును చదివిన పిమ్మట, న్యాయవాదులమైన మాకు నవియు సాక్ష్యపత్రములే యని తోచినది.

బాల్టిక్ సముద్రతీరమున నున్న యీ చిన్న దేశము చిరకాలము రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. 1864 మొదలు 1904 వఱకు లిథువేనియను భాషను లాటిను లిపిలో నచ్చొత్తుటయే నేరము. తూర్పు ప్రష్యాలో నచ్చయిన పుస్తకములను జనులు మోపులు గట్టి రహస్యముగ సరిహద్దు దాటించిరి. పట్టుబడినవారిలో పలువురు సైబీరియాకు పంపబడిరి. 1915 లో జర్మను సేనలు దేశము నాక్రమించెను. అంతట జర్మను బిళ్లలే పైముద్రతో చెల్లసాగెను. ఏలిక మాఱెను గాని, జాబుపై నా దేశపు పేరు లేదు.

1918 ఫిబ్రవరి 16 న విల్నియస్ నగరమున స్వాతంత్ర్యము ప్రకటింపబడెను. ఆ యేడే డిసెంబరు 27 న 10, 15 స్కాటికుల వెలగల రెండు బిళ్లలు వెలువడెను. వానిపై రాజుబొమ్మ లేదు. కుక్తా ముద్రాలయమున అచ్చుటక్షరములు కూర్చి ముద్రించిన దేశనామము, వెల, చుట్టును అలంకారపు టంచు: అంతియే. అక్షరముల కూర్పులోని చిన్న తేడాలను సేకర్తలు భూతద్దముతో వెదకుదురు. మేము చూచున దొక్కటే: నలువదేండ్లు నిషిద్ధమైన యచ్చు, రాజ్యముద్ర యయ్యెను!

కొలదిదినములకే, 1919 జనవరిలో, ఎఱ్ఱసేన విల్నియసును పట్టుకొనెను. ప్రభుత్వము కౌనాస్ నగరమునకు తరలి, యచ్చటను అట్లే యక్షరములు కూర్చి బిళ్లల నచ్చొత్తించెను. పిదప బెర్లినులో ముద్రితమైన బిళ్లలపై అశ్వారూఢుడైన వీరుడు, ఆ దేశపు రాజచిహ్నము, వెలసెను.

బిళ్ల రాజ్యమును కాపాడగలదా యని యడుగుదురేమో. కాపాడలేదు. 1940 లో సోవియట్టు లా దేశము నాక్రమించినప్పుడు, దాని బిళ్లలపైననే తమ పైముద్ర వేసిరి. కాని స్వాధీనము తప్పినంతమాత్రమున హక్కు నశింపదు గదా! 1990 లో లిథువేనియా మరల స్వాతంత్ర్యమును ప్రకటించెను. ఆ యేడే మరల తన బిళ్లలను వెలువరించెను.

కావున, సోదరులారా, పాతజాబు దొరకినప్పుడు బిళ్లను చించుకొని కవరును పాఱవేయకుడు. ఊరును తేదీని తెలుపు తపాలాముద్ర పోయినచో సాక్షి నాలుక కోసినట్లే. చిన్నజాతుల పక్షమున పలుకు సాక్షులు కొద్ది, ఉన్నవారినైన కాపాడుదము.