తెగిపోయిన ఫైలు – మన పేర్ల జాబితా



ఫైళ్ల లోపల ఏముందో విప్పి చూపించే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. అది ఈ వేదిక మీద మాట్లాడదగ్గ విషయమని, మన పూర్వ విద్యార్థుల జాబితా నా చేతికి వచ్చేదాకా అనుకోలేదు.

2020 అక్టోబరు వరదల్లో సంతోష్‌నగర్ చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లొచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ జాబితా టైపు చేసి పెట్టిన మన మిత్రుడి కంప్యూటరు మునిగింది. హార్డ్ డిస్కు నుంచి ముక్కలే బయటికొచ్చాయి. వర్డ్‌లో తెరిస్తే, ఫైలు పాడైందన్న ఒక్క మాటే.

డాక్స్ రకం వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. అందులో ఒక్కో భాగం 'పి', 'కె' అనే రెండక్షరాలతో మొదలవుతుంది. 1989లో జిప్‌ను తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని అక్షరాలవి. మూటలో ఏమేం ఉన్నాయో చెప్పే విషయసూచిక మాత్రం చివర ఉంటుంది. మనకు ఆ చివరే పోయింది. అందుకని సూచిక సంగతి వదిలేసి, ముక్కల్లో ఆ రెండక్షరాల కోసం వెతికాను. పేర్లున్న భాగం దొరికింది.

అయితే అది కుదించిన డేటా. 'సంతోష్‌నగర్' అని ఒకసారి రాశాక, మళ్లీ వస్తే తిరిగి రాయదు. 'ఇంత వెనక్కి వెళ్లి, ఇన్ని బైట్లు తెచ్చుకో' అని గుర్తు పెడుతుంది. అలా 32 కిలోబైట్ల దాకా వెనక్కి చూస్తుంది. కాబట్టి మధ్యలో ఒక ముక్క పోతే, తర్వాతి ముక్క మన దగ్గరున్నా దాని అర్థం పోయినదాంట్లో ఉండిపోతుంది.

ఇక్కడ రెండు తప్పులు చేయవచ్చు. పాడైందని మొత్తం పారేయడం ఒకటి. ఖాళీలను ఊహతో పూరించి నున్నగా చూపించడం రెండోది. ఇదే ఎక్కువ ప్రమాదం. 'రాజేశ్వరి' కాస్తా 'రాజేశ్వర్' అయిపోయినా చూసేవాళ్లకు తెలియదు. అందుకే నా సాఫ్ట్‌వేర్ చదవగలిగింది చూపిస్తుంది, తెగినచోట గీత గీస్తుంది, తనిఖీ సంఖ్య సరిపోకపోతే సరిపోలేదనే చెబుతుంది.

అలా మొదటి బ్యాచ్‌ల పేర్లు పూర్తిగా వచ్చాయి. తర్వాతివి సగం సగం. వాటిని సంచికలో ఖాళీ గీతలతోనే వేయమని సంఘాన్ని కోరాను.

యంత్రం పని అక్కడితో అయిపోయింది. మాస్టార్లూ, టీచర్లూ, మీరు రోజూ పిలిచిన హాజరు మీకు గుర్తుంటుంది. మన పక్క బెంచీలో ఎవరు కూర్చున్నారో మనకు తెలుసు. ఆ గీతల మీద పేర్లు రాసి పంపండి. కచ్చితంగా తెలియకపోతే గీతను గీతలాగే ఉంచండి.

పూర్తయిన జాబితాను ఈసారి మూడు చోట్ల దాచుదాం. అందులో ఒకటైనా మేడ మీద!

సెలవు.