జర్మనీ రూమ్‌లో రేడియేటర్ మీద ఆ చిన్న డబ్బా ఏం లెక్కేస్తది?

వరంగల్ నుంచి జర్మనీకి ఎంఎస్‌కి పోతున్నవాళ్లు, ఆల్రెడీ పోయినవాళ్లు ఈ ఎపిసోడ్ కొంచెం ఓపిగ్గా చూడండి. ముగ్గురు కలిసి ఫ్లాట్ తీసుకున్న మనవాళ్ల మధ్య అద్దె దగ్గర లొల్లి రాదు. ఏడాది అయ్యాక వచ్చే హీటింగ్ బిల్లు దగ్గర వస్తుంది.

హన్మకొండలో రూమ్ తీసుకుంటే ఓనర్ కరెంటుకు సబ్‌మీటర్ పెడతాడు. ఎన్ని యూనిట్లు తిరిగితే అన్ని పైసలు, అయిపోయింది. జర్మనీలో చాలా అపార్ట్‌మెంట్లకు కింద ఒకటే బాయిలర్. అక్కడి నుంచి వేడినీళ్లు ప్రతి గది రేడియేటర్‌కు వస్తాయి. పాత బిల్డింగుల్లో అయితే పైపులు కింద నుంచి పైకి నిలువుగా పోతాయి: వంటింటికి ఒకటి, బెడ్‌రూమ్‌కు ఇంకోటి. ఫ్లాట్ మొత్తానికి కలిపి ఒక్క మీటర్ పెట్టే చోటే ఉండదు. అందుకే ఒక్కో రేడియేటర్‌కు ఒక్కో డబ్బా. దాని పేరు హైట్స్‌కోస్టెన్‌ఫెర్టైలర్, అంటే హీటింగ్ ఖర్చు పంచేది. కొలిచేది కాదు, పంచేది. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

ఇప్పుడు ఎక్కువగా కనిపించే డబ్బాల్లో రెండు సెన్సార్లు ఉంటాయి. ఒకటి రేడియేటర్ ఎంత వేడిగా ఉందో చూస్తుంది, ఇంకోటి గది గాలిని చూస్తుంది. ఆ తేడా ఎంత, ఎంతసేపు ఉందనేది కూడుకుంటూ పోతుంది. స్క్రీన్ మీద 400 కనిపిస్తే అది కిలోవాట్ అవర్లు కాదు, యూరోలు అంతకన్నా కాదు. బిల్డింగ్ మొత్తం లెక్కలో నీ వాటా తేల్చే ఒక అంకె, అంతే. చాలా డబ్బాల్లో ఆ అంకెను రేడియేటర్ సైజును బట్టి ఒక ఫ్యాక్టర్‌తో గుణించాలి. కాబట్టి "నీ రూమ్‌ల 400, నా రూమ్‌ల 200, నువ్వు డబుల్ కట్టు" అని కొట్లాడకండి. ముందు బిల్లులో ఆ ఫ్యాక్టర్ చూడండి.

1981 నుంచి అక్కడ దీనికి రూల్ ఉంది. హీటింగ్ ఖర్చులో 50 నుంచి 70 శాతం వాడకం మీద, మిగతాది ఫ్లాట్ వైశాల్యం మీద పంచాలి. అన్నీ బంద్ పెట్టుకున్నా బిల్లు సున్నా కాదు. పక్కింటోళ్ల వేడి గోడల్లోంచి మీకు వస్తుంది, పైపుల్లో పోయే వేడికి కూడా ఎవరో ఒకరు కట్టాలి కదా. ఓనర్ అసలు వాడకం చూడకుండానే పంచితే మీ వాటాలో 15 శాతం తగ్గించుకునే హక్కు మీకుంది.

ఇక అసలు లొల్లి. ఒకడు మార్చి ఆఖరున ఖాళీ చేశాడు, ఏప్రిల్‌లో కొత్తోడు వచ్చాడు. బిల్లు జనవరి నుంచి డిసెంబర్‌ది. "మూడు నెలలే ఉన్నా, నాలుగో వంతు ఇస్తా" అంటాడు పోయినోడు. వినడానికి న్యాయంగానే ఉంటది. కానీ అక్కడ వాడే లెక్కలో ఏడాది వేడి మొత్తాన్ని 1000 పాళ్లు అనుకుంటే జనవరికి 170, ఫిబ్రవరికి 150, మార్చికి 130. జూన్, జూలై, ఆగస్టు మూడూ కలిపి 40! అంటే ఆ మూడు నెలలకే 450 పాళ్లు, దాదాపు సగం. మధ్యలో రీడింగ్ తీయనప్పుడు వాడకం ఖర్చును ఈ పాళ్లతో విడగొడతారు. కొత్తోడి మీద రుద్దితే అన్యాయం.

నన్నడిగితే ఫ్లాట్ లోపల ఇలా చేసుకోండి: వైశాల్యం మీద వచ్చిన భాగం సమానంగా, వాడకం భాగం ఎవరి గది డబ్బా ప్రకారం వాళ్లకు, హాల్‌ది అందరికీ. ఇది రూల్ కాదు, మీ ఒప్పందం. చేరిన రోజే వాట్సాప్ గ్రూప్‌లో రాసిపెట్టుకోండి.

ఇంకోటి. రేడియేటర్ నాబ్ మన ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది కాదు. 5లో పెడితే గది తొందరగా వేడెక్కదు, ఇంకా ఎక్కువ వేడి దాకా పోతుంది, అంతే. 3 అంటే సుమారు 20 డిగ్రీలు. అది చాలు.

రూమ్‌లో దిగిన రోజు, ఖాళీ చేసిన రోజు ప్రతి డబ్బా ఫొటో తీయండి, తేదీతో. ఏడాది లెక్క ముగిశాక బిల్లు పంపడానికి ఓనర్‌కు 12 నెలల టైమ్ ఉంటుంది. అది వచ్చేసరికి మీరు వేరే ఊళ్లో ఉండొచ్చు. పోయేముందు కొత్త అడ్రస్ ఇచ్చి పోండి.