మెయిన్ ఆఫ్ చేసి చూడండి



పట్టాలు అందుకున్న మీకు స్ఫూర్తినిచ్చే మాటలు నాలుగు చెప్పమన్నారు. నాకు తెలిసింది బ్యాటరీల సంగతి. కరెంటు పోయాక ఏం జరగాలో చూసుకునే ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. అందుకే సర్వర్ రూముల గురించే మాట్లాడతాను, భోజనాల వేళకు ముగిస్తాను.

కమాన్‌పూర్‌లో నిలబడి కరెంటు కోతల గురించి మాట్లాడటం విడ్డూరమే. చుట్టూ బొగ్గుబాయిలు, కూతవేటులో రామగుండం ఎన్టీపీసీ. 1983లో మొదటి యూనిట్ తిరిగింది. ఏడు యూనిట్లు కలిపి 2600 మెగావాట్లు. అంత పెద్ద స్టేషన్ కూడా పూర్తిగా ఆగితే తనంతట తాను లేవలేదు. బొగ్గు పొడి చేసే మిల్లులకు, ఫ్యాన్లకు, నీళ్ల పంపులకు ముందు బయటి నుంచి కరెంటు రావాలి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు మనం తప్పించుకున్నాం. అప్పటికి మన దక్షిణాది గ్రిడ్ వాళ్లతో ఒకే తాళంలో నడవడం లేదు. 2013 డిసెంబర్ 31న కలిసింది. ఆనాటి నుంచి కష్టసుఖాలు ఉమ్మడి.

అలా ప్లాంటులో ఏసీ కరెంటు అంతా పోయిందనుకోండి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైన్ ఆగడానికి చాలాసేపు పడుతుంది. ఆలోగా బేరింగులకు ఆయిల్ అందకపోతే లోపలి మెత్తని లోహం కరిగిపోతుంది. అప్పుడు ఆదుకునేది బ్యాటరీ గది నుంచి డీసీ మీద నడిచే ఒక చిన్న ఆయిల్ పంపు. అది తిరుగుతుందా లేదా అని పని లేనప్పుడే నడిపి చూస్తారు. మీలో చాలామంది నాన్నలు బాయి దిగేముందు ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకుని, అక్కడే వెలిగించి చూసుకునేవారు. కిందికి పోయాక చూద్దాంలే అని ఎవరూ అనుకోలేదు.

సర్వర్ రూముల్లో మాత్రం అలాగే అనుకుంటారు.

అక్కడి ఏర్పాటు తేలికే. కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీలు లోడ్ ఎత్తుకుంటాయి. అవి పది, పదిహేను నిమిషాలు నిలబడితే చాలు, ఈలోగా జనరేటర్ అందుకుంటుంది. ఒక ఆఫీసులో బ్యాటరీలన్నీ మీటరు మీద 12.6 వోల్టులకు తగ్గకుండా చూపించాయి. రిజిస్టర్‌లో నెలనెలా సంతకాలున్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, నిమిషం తిరక్కుండా సర్వర్లన్నీ పడుకున్నాయి. మూత తీస్తే వరసలో ఒక్క బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది, దాని టెర్మినల్ మీద తెల్లటి పొక్కు. లోడ్ లేనప్పుడు వోల్టేజీ నిండుగా చూపి, లోడ్ పడగానే కూలబడే రకం. వరసగా కలిపిన బ్యాటరీల్లో ఒకటి పోతే మిగిలినవాటి బలం ఎందుకూ కొరగాదు. మూలకారణం ఎండ. సీల్డ్ లెడ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర బతికే కాలం, మరో పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. మన ఎండలు 45 దాటతాయి. ఏసీ మాత్రం సర్వర్లకు పెట్టి, బ్యాటరీలను మెట్ల కింద పెట్టారు!

ఇంకో పొరపాటు అంతకంటే సర్వసాధారణం. సర్వర్లకు యూపీఎస్ ఉంటుంది, గది చల్లబరిచే ఏసీకి ఉండదు. జనరేటర్ మొరాయించిందా, బ్యాటరీలు బాగున్నా నిమిషాల్లో గది కుంపటే.

అంతా డబ్బుతో వస్తుందనుకోకండి. 2022 అక్టోబర్ 15న దక్షిణ కొరియాలోని పాంగ్యో డేటా సెంటర్‌లో అండగా ఉండాల్సిన లిథియం బ్యాటరీల గదిలోనే నిప్పంటుకుంది. ఆర్పడానికి నీళ్లు కొట్టాలంటే భవనం మొత్తానికి కరెంటు తీసేయక తప్పలేదు. ఆ దేశంలో ఇంటింటా వాడే మెసేజింగ్ యాప్ కకావోటాక్ మూగబోయింది. అన్ని సేవలూ కోలుకోవడానికి రోజులు పట్టింది. బ్యాకప్‌లన్నీ ఒక్క కప్పు కింద పెట్టుకుంటే అంతే మరి.

మీలో కొందరు హైదరాబాద్ డేటా సెంటర్లకు పోతారు, కొందరు ఇక్కడే ఏదో ఆసుపత్రిలో, బ్యాంకులో రెండు ర్యాకుల గది చూసుకుంటారు. నాకు రెండోవారి మీదే బెంగ. వాళ్లకు తోడు ఎవరూ ఉండరు. చేరిన మొదటి నెలలో పైవాళ్లను ఒకటి అడగండి: ఆఖరిసారి మెయిన్ ఎప్పుడు ఆఫ్ చేసి చూశారు అని. "అమ్మో, ఆ పని చేయకు" అంటారు. గొడవ పడకండి. ఒక ఆదివారం ఉదయం చూసుకోండి. ఆసుపత్రయితే డాక్టర్లకు, నర్సులకు ముందే చెప్పి వాళ్లు సరేనన్నాకే. డేటా కాపీ వేరే చోట పెట్టండి. డీజిల్ కొలవండి. జనరేటర్ గది తాళం ఎవరి జేబులో ఉందో కనుక్కోండి. తర్వాత ఆఫీసరును పక్కన నిలబెట్టుకుని ఆఫ్ చేయండి.