నర్సు కావాలంటే ఏ చదువు?

బుధవారం వచ్చిందంటే పల్లెల్లో ఏఎన్‌ఎం టీకాల పెట్టె పట్టుకుని బయల్దేరుతుంది. అదే వేళకు పట్నం ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు వెంటిలేటర్ మీది అంకెలు చూసి కేస్‌షీటులో రాసుకుంటూ ఉంటుంది. ఇద్దరినీ జనం ‘సిస్టర్’ అనే పిలుస్తారు. చదివిన చదువులు మాత్రం వేరు.

ఇంటర్ తర్వాత దారులు మూడు. మొదటిది ఏఎన్‌ఎం. అమ్మాయిల కోసం ఉద్దేశించిన ఈ రెండేళ్ల కోర్సులో తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, ఊరి ఆరోగ్యం ప్రధాన పాఠాలు. రెండోది జీఎన్‌ఎం, మూడేళ్ల డిప్లొమా. ఇంటర్‌లో 40 శాతం మార్కులుంటే ఆర్ట్స్ గ్రూపు వాళ్లూ చేరొచ్చు. మూడోది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. దీనికి బైపీసీ చదివి ఉండాలి, 45 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 చాలు. చివరి రెండింటిలో అబ్బాయిలకూ చోటుంది.

జీఎన్‌ఎం చేసినవారు అక్కడే ఆగనక్కర్లేదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ అందుకోవచ్చు. ఆపైన ఎమ్మెస్సీ ఉంది.

కాలేజీ రంగుల బ్రోచర్ కన్నా ముందు చూడాల్సింది నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు. ఆ తర్వాత విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఆసుపత్రి. రోగులే లేని వార్డులో ఇంజెక్షన్ చేయడం ఎలా వస్తుంది?

కోర్సు ముగిశాక రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటేనే ఉద్యోగం. విదేశాలకైతే మరో మెట్టు: అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, జర్మనీకి జర్మన్ భాష. అటు వెళ్లాలనుకునేవారు చదువుతుండగానే భాషా తరగతుల్లో చేరితే ఆ మేరకు సమయం కలిసొస్తుంది.