మీ దగ్గర ఏముందని అడిగే దరఖాస్తు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సదస్సులో ఒక గిరిజన బాలికల వసతి గృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ఉన్నత విద్య, అవకాశాలు". ఈ అంశం మీద మాట్లాడమంటే మనం డీఎస్సీ, గ్రూప్స్, పోలీసు, బ్యాంకు ఉద్యోగాల దగ్గర ఆగిపోతాం. అవి కావాలి, కాదనను. నేనూ బీఎడ్ చేసి, పరీక్ష రాసి, ఈ ఉద్యోగంలోకి వచ్చినదాన్నే. కానీ ఇవాళ ఒకే ఒక్క దరఖాస్తు గురించి చెప్తాను. దాని పేరు వీల్‌రైట్ ప్రైజ్. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ నేర్పే విభాగం ఇస్తుంది. ఇల్లు, బడి, ఊరు ఎలా కట్టాలో చదువుకుని, వృత్తిలో ఇంకా మొదటి మెట్ల మీద ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ప్రైజు. మొత్తం లక్ష డాలర్లు. మన రూపాయల్లో ఎనభై లక్షలు దాటుతుంది. ఆ డబ్బు కారు కొనుక్కోవడానికి కాదు. లోకం తిరిగి, చూసి, నేర్చుకుని రావడానికి.

"మేడం, మాకెందుకు ఇది?" అని కొందరి ముఖాల్లో కనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు ఆర్కిటెక్ట్. పేరు చెప్పొద్దంది, చెప్పను. ఐదేళ్ళ బీఆర్క్ చదివి, పట్నంలో ఒక ఆఫీసులో పని చేస్తోంది. ఈ మధ్య ఫోన్ చేసి ఈ ప్రైజు సంగతి చెప్పింది. "అర్హతలన్నీ చదివాను మేడం, అన్నీ ఉన్నాయి. కానీ అది మనలాంటి వాళ్ళకి కాదేమో" అంది. నేను ఆర్కిటెక్టుని కాను. కానీ ఇరవై ఏళ్ళుగా పిల్లల దరఖాస్తులు నింపుతున్నాను, సరిచూస్తున్నాను. రాసింది పంపమన్నాను.

ఆమె రాసిన మొదటి పేజీ ఎలా మొదలైందో తెలుసా? "నేను మారుమూల గిరిజన గూడెంలో, నిరుపేద కుటుంబంలో పుట్టాను. మా ఊరికి రోడ్డు లేదు, కరెంటు లేదు." నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మన పిల్లలకి చిన్నప్పటి నుంచి మనం నేర్పింది అదే. హాస్టల్ అడ్మిషన్ ఫారం, స్కాలర్‌షిప్ ఫారం, ఇంటి ఫారం, పింఛను ఫారం, అన్నీ అడిగేది ఒకటే: నీకు ఏం లేదు? ఆదాయం ఎంత తక్కువ? భూమి ఎంత లేదు? అవి అడగడం తప్పు కాదు, ఆ సాయం మన హక్కు. కానీ పదిహేనేళ్ళు అవే నింపితే, మన గురించి మనం చెప్పుకోవాల్సింది అదొక్కటే అనుకుంటాం.

ఈ దరఖాస్తు అలా అడగదు. కుల ధ్రువీకరణ అడగదు, ఆదాయ ధ్రువీకరణ అడగదు. మూడు సంగతులు అడుగుతుంది. నీ పని చూపించు. నీకున్న ప్రశ్న ఏమిటో చెప్పు. దానికి జవాబు వెతకడానికి ఎక్కడెక్కడికి వెళ్తావు, ఎందుకు అక్కడికే వెళ్తావు చెప్పు. అంటే నీ దగ్గర ఏముందని అడుగుతుంది.

కొంచెం చరిత్ర చెప్తాను. ఇది 1935లో ట్రావెలింగ్ ఫెలోషిప్‌గా మొదలైంది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు అద్దాల పిరమిడ్ కట్టిన ఐ.ఎం. పెయ్ కూడా ఒకప్పుడు ఈ ఫెలోషిప్ అందుకున్నవాడే. అప్పట్లో హార్వర్డ్‌లో చదివిన వాళ్ళకే ఇచ్చేవారు. 2013లో తలుపు తెరిచారు. ఏ దేశం వాళ్ళయినా పెట్టుకోవచ్చు అన్నారు. గుర్తింపు ఉన్న ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉండాలి, అది గత పదిహేనేళ్ళ లోపు వచ్చి ఉండాలి. సొంత ఆఫీసు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఒక్కరే పెట్టుకోవాలి, బృందంగా కుదరదు. ఏటా నిబంధనల్లో చిన్న చిన్న మార్పులుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. నోటీసు బోర్డు సగం చదివి పరిగెత్తే అలవాటు ఇక్కడ పనికిరాదు.

గెలిచినవాళ్ళు ఏ ప్రశ్నలతో వెళ్ళారో వినండి. 2014లో స్పెయిన్ ఆర్కిటెక్ట్ హోసె అహెడో పశువుల పెంపకానికి కట్టే కట్టడాల గురించి వెళ్ళాడు. అవును, పశువుల సాలల గురించే. 2016లో బార్సిలోనాకి చెందిన అన్నా పుయిగ్‌జానెర్ వంటగది లేని ఇళ్ళ గురించి, అందరికీ కలిపి ఒకచోట వండే పద్ధతుల గురించి వెళ్ళింది. 2017లో చిలీ దేశపు శామ్యూల్ బ్రావో ఏ ఆర్కిటెక్టూ గీయకుండా జనం తమంతట తాము కట్టుకున్న నివాసాల గురించి వెళ్ళాడు. 2023లో జింగ్రూ చెంగ్ ఇసుక గురించి వెళ్ళింది. నదిలోంచి తోడిన ఇసుక ఎక్కడికి పోతుంది, తోడినచోట మనుషులు ఏమవుతారు అని.

పశువుల సాల, ఉమ్మడి వంట, మనుషులు తామే కట్టుకున్న ఇల్లు, ఏటి ఇసుక. వీటిలో మీకు తెలియనిది ఏముంది? వందల మందికి ఒకే పొయ్యి మీద వండటమంటే ఏమిటో మా వంటమనిషిని అడగండి, ఒక పుస్తకానికి సరిపడా చెప్తుంది. నాగావళి, వంశధార ఇసుక లారీలు మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. తేడా ఒక్కటే. వాళ్ళు చూసినదాన్ని ప్రశ్నగా రాసుకున్నారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. మన సవర గూడల్లో పాత ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. వరసగా, పక్కింటితో గోడ పంచుకుంటూ కట్టినవి. ఎత్తైన అరుగు, వంగి వెళ్ళాల్సిన చూరు, లోపల పొయ్యి, పైన అటక. పొయ్యి పొగ అటక మీది గింజలకి పురుగు పట్టకుండా కాపాడుతుంది. వాన ఏటవాలుగా కొట్టినా మట్టిగోడ తడవకుండా చూరు కాపాడుతుంది. ఇది ఎవరో ఆలోచించి కట్టిన ఇల్లే. గీసిన కాగితం లేదు, అంతే.

కానీ ఫారంలో దీని పేరు కచ్చా ఇల్లు. మట్టి, వెదురు, గడ్డి ఉంటే కచ్చా. సిమెంటు, ఇటుక ఉంటే పక్కా. ఇప్పుడు పీఎం జన్‌మన్ పథకం కింద ఆదిమ తెగల కుటుంబాలకు ఒక్కో ఇంటికి 2.39 లక్షల రూపాయలు ఇస్తున్నారు. పక్కా ఇల్లు రావాలి. పాము దూరని, వానకి కారని ఇల్లు మన తల్లులు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. ఆ ఇల్లు వద్దని నేను ఒక్క మాట కూడా అనను. నా బాధ వేరు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు అటక ఏమైందని అడిగేవాళ్ళు లేరు. అరుగు ఏదని అడిగేవాళ్ళు లేరు. ఎండాకాలం శ్లాబు కింద పడుకోలేక ముసలివాళ్ళు పాత ఇంట్లోకే వెళ్ళి పడుకుంటున్నారంటే ఎందుకని అడిగేవాళ్ళు లేరు. అడగాల్సింది ఇంజినీరు మాత్రమే కాదు. ఆ ఇంట్లో పుట్టి, ఆ చదువు చదివిన మన పిల్లలు.

ఆ అమ్మాయితో ఇదే అన్నాను. మొదటి పేజీ పక్కన పెట్టు, మీ అవ్వ ఇంటి గురించి రాయమన్నాను. రెండు వారాల తర్వాత ఆమె పంపింది వేరుగా ఉంది. కొండల్లో, వానల్లో బతికే మనుషులు మట్టితో, కర్రతో, వెదురుతో కట్టే తెలివి సర్కారు కట్టించే ఇంట్లోకి ఎలా రావాలి? ఇదీ ఆమె ప్రశ్న. ఎక్కడికి వెళ్తుంది? ఫిలిప్పీన్స్ కొండల్లో ఇఫుగావో జనం ఇళ్ళ దగ్గరికి. అవి నాలుగు కొయ్య స్తంభాల మీద నిలబడతాయి. ఎలుకలు ఎక్కకుండా ఒక్కో స్తంభానికి గుండ్రటి కొయ్య బిళ్ళ ఉంటుంది. అక్కడా పొయ్యి లోపలే, గింజలు పైనే. తర్వాత దక్షిణ అమెరికాలోని కొలంబియాకి. అక్కడ 1999లో ఆర్మేనియా అనే పట్నంలో పెద్ద భూకంపం వచ్చింది. వెదురు, మట్టి కలిపి సరిగ్గా కట్టిన పాత పద్ధతి ఇళ్ళు చాలా తట్టుకున్నాయి. వాటిని పరిశీలించారు, పరీక్షలు చేశారు. ఇప్పుడు ఆ దేశపు భవన నిర్మాణ నియమావళిలో గువాదువా అనే వెదురుతో ఎలా కట్టాలో రాసి ఉంది. అంటే అక్కడ వెదురిల్లు కచ్చా కాదు, చట్టంలో ఉన్న ఇల్లు. అది ఎలా సాధించారో వాళ్ళ నోటనే వినాలని ఆమె కోరిక.

గమనించండి, ఇందులో "నాకు విదేశాలు చూడాలని ఉంది" అన్న మాట లేదు. ప్రతి ఊరికీ ఒక కారణం ఉంది. పారిస్ అందంగా ఉంటుంది, కానీ ఈ ప్రశ్నకి జవాబు పారిస్‌లో లేదు, కాబట్టి జాబితాలో లేదు. దరఖాస్తు చదివేవాళ్ళు చూసేది ఇదే. ఈ ప్రశ్న లేకపోతే ఈ ఊరు అవసరమా? ఈ మనిషి కాకపోతే ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా?

ఆమెకి గెలుపు వస్తుందా? నాకు తెలీదు. ప్రపంచమంతటి నుంచి పెట్టుకుంటారు, ఒక్కరికే ఇస్తారు. రాకపోవడానికే ఎక్కువ అవకాశం, ఆ మాట ఆమెకూ చెప్పాను. కానీ ఆ పది పేజీలు రాసేసరికి ఆమెకి తన పని ఏమిటో తెలిసింది. ఈ ప్రైజు రాకపోతే అవే పేజీలతో ఇంకో చోట అడుగుతుంది. అడగడానికి ఇప్పుడు ఆమె దగ్గర ఒక ప్రశ్న ఉంది.

మనలాంటి వాళ్ళు చేశారా అంటే, చేశారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశంలో గాండో అనే పల్లె. అక్కడ పుట్టిన ఫ్రాన్సిస్ కెరె తన ఊరి నుంచి బడికి వెళ్ళిన మొదటి పిల్లాడు. స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్ళి ముందు వడ్రంగం నేర్చుకున్నాడు, తర్వాత ఆర్కిటెక్చర్ చదివాడు. చదువుతుండగానే చందాలు పోగుచేసి, ఊరివాళ్ళతో కలిసి సొంత ఊళ్ళో బడి కట్టించాడు. 2001లో పూర్తయింది. మట్టిలో కొంచెం సిమెంటు కలిపిన ఇటుకలు, రేకు కప్పుని గోడల నుంచి ఎత్తి పెట్టడం వల్ల వేడి గాలి బయటికి పోతుంది. 2022లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆఫ్రికా నుంచి అది అందుకున్న మొదటివాడు.

ఇప్పుడు మీ దారి. పదో తరగతి పిల్లలు వినండి. ఆర్కిటెక్చర్ చదవాలంటే ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఆ తర్వాత నాటా పరీక్ష, లేదా జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు. కోర్సు ఐదేళ్ళు. విజయవాడలో కేంద్ర ప్రభుత్వ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. కేంద్ర సంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లున్నాయి. పై చదువుకి విదేశాలకు వెళ్ళాలంటే కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. లెక్క వేయండి. 23 ఏళ్ళకి డిగ్రీ వస్తే, ఈ ప్రైజుకి 38 ఏళ్ళ దాకా పెట్టుకోవచ్చు. కంగారు లేదు. కానీ ప్రశ్న మాత్రం ఈ వయసులోనే మొదలవ్వాలి.

ఇంగ్లిష్ గురించి భయం ఉందని తెలుసు. ముందు తెలుగులో రాయండి. ఇంట్లో సవరలో మాట్లాడితే సవరలోనే ఆలోచించండి. ఆలోచన స్పష్టంగా ఉంటే ఇంగ్లిష్‌లోకి మార్చడానికి సాయం చేసేవాళ్ళు దొరుకుతారు. ఆలోచన లేకపోతే ఎంత మంచి ఇంగ్లిష్ ఉన్నా లాభం లేదు.

ఇంకొక్క మాట. మన ఊళ్ళకి చాలామంది వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళారు. ఆ ఫొటోలు మన అవ్వలు ఎప్పుడూ చూడలేదు. మీరు వేరే జనం ఊరికి వెళ్ళినప్పుడు అలా చేయకండి. అడిగి గడప దాటండి. అడిగి ఫొటో తీయండి. నేర్చుకున్నది తిరిగి చూపించండి. ఇల్లు చూపించిన వాళ్ళ పేరు, వాళ్ళకి ఇష్టమైతే, రాయండి.

చివరగా ఒక పని చెప్తాను, వార్డెన్ కదా, పని చెప్పకుండా వదలను. దసరా సెలవులకి ఇంటికి వెళ్తారు. మీ గూడలో ఒక పాత ఇల్లు ఎంచుకోండి. టేపు తీసుకుని పొడవు, వెడల్పు, అరుగు ఎత్తు, చూరు ఎత్తు కొలవండి. నోట్‌బుక్‌లో గీయండి, వంకరగా వచ్చినా పర్లేదు. ఒక్కో భాగాన్ని మన భాషలో ఏమంటారో పెద్దవాళ్ళని అడిగి పక్కన రాయండి. ఎందుకలా కట్టారో అడగండి. జవాబు రాని చోట గుర్తు పెట్టుకోండి, మీ ప్రశ్న అక్కడే ఉండొచ్చు. సెలవులయ్యాక ఆ కాగితాలు సంఘం ఆఫీసుకి తీసుకురండి. అన్నీ ఒక ఫైలులో పెడదాం. ఆర్కిటెక్టయ్యేవాళ్ళు మీలో ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఫైలు మాత్రం అందరిదీ.